చింతపండు గదిలో మిక్సర్

గోడలో మేకు నిలవడం లేదు. ఇస్రాయేలు స్టూలు మీద నిలబడి సుత్తెతో కొట్టినప్పుడల్లా సున్నం పెచ్చులు ఊడి కింద పుష్పమ్మ కొంగులో పడుతున్నాయి. ఆ గది ఎన్నో వానాకాలాలు చింతపండు బుట్టలను దాచింది. పండుకు కలిపిన ఉప్పులో సగం గోడలే తిన్నాయి. ఇప్పుడు వాటికి మేకును పట్టుకునే సత్తువ లేదు.

"మేకులతోని కాదు. పొడుగు కట్టె తెచ్చి దూలానికి కట్టు. దానికి వేలాడదియ్యి," అంది పుష్పమ్మ.

"నువ్వు ముందే జెప్తే నా చెయ్యి మిగులుతుండె గద."

"నువ్వు ముందే అడిగితే నా గోడ మిగులుతుండె."

ఇస్రాయేలు నవ్వుకుంటూ దిగాడు. ఇద్దరూ కలిసి కట్టె కట్టారు. పుష్పమ్మ ఒక్కొక్క గొంగడి విప్పి అందిస్తుంటే అతను నేలదాకా జారేలా వేశాడు. అవి వాడిన గొంగళ్ళు. ధరూరు వైపు గొర్ల కాపర్ల దగ్గర ఆమే బేరమాడి తెచ్చింది. చిరుగులున్నాయని చెప్పి ధర తగ్గించింది గానీ, చిరుగులుంటే తన పనికి నష్టం లేదని ఆమెకు తెలుసు. గొంతు గోడకు తగిలి మళ్ళీ రాకుండా తాగేసేది ఉన్ని, ఉన్ని పాతదా కొత్తదా అని గొంతు అడగదు.

ఒక గోడ నిండగానే ఇస్రాయేలు గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టాడు. చెవి ఒక పక్కకు వంచి విన్నాడు. ఇంకో గోడ నిండాక మళ్ళీ కొట్టాడు. మొదట గిన్నె మీద గరిటె తగిలినట్టు మోగిన చప్పట్లు చివరికి బియ్యపు మూట మీద కొట్టినట్టు వినిపించాయి.

"ఇగ సాలు," అన్నాడు.

పాత తలుపు రెక్కను ఇటుకల మీద బల్లలా పరిచి, దాని మీద మిక్సర్ పెట్టారు. హైదరాబాదులో మూతపడిన ఒక పాటల రికార్డింగు స్టూడియో వాళ్ళు అమ్మేశారు దాన్ని. బస్సులో పక్క సీటుకు కూడా టికెట్టు తీసుకుని, దాన్ని పసిపిల్లను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తెచ్చాడు ఇస్రాయేలు. వరసకు వరస గుండీలు, మిరప నారుమడిలా. ఒక్కొక్క వరస ఒక్కొక్క గొంతుకు. కింద జారే మీటలు. పైకి తోస్తే ఆ గొంతు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది.

కంప్యూటరు ముజమ్మిల్ తెచ్చాడు. పాతబస్టాండు దగ్గర అతనికి డీటీపీ షాపుంది, పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయిస్తాడు. మిక్సర్ నుంచి రెండు వైర్లు కంప్యూటరుకు కలిపి, "అక్కా, ఎంతమంది పాడినా దీన్లకు పోయేది ఈ రెండు తోవలే. ఇస్రాయేలు భాయ్ ఏలితోని ఎట్ల కలిపితే అట్లనే పడ్తది. తప్పు పడ్తే మళ్ళ మొదటికెళ్ళి పాడాల్సిందే," అన్నాడు.

"అంటే అందరి గొంతులు ఈన చేతుల ఉన్నట్టా?"

"గంతే మరి."

పుష్పమ్మ భర్త చేతులవైపు చూసింది. ఇన్నేళ్ళూ మైక్‌సెట్టు కిరాయిలకు ఆ చేతులు పెట్టెలు మోశాయి. హారన్లు చెట్లెక్కించాయి, వైర్లు చుట్టాయి. ఈ గది కోసం ఆమె శ్రావణం రాకముందే చింతపండు అమ్మేసింది. వానలు ముదిరితే ధర లేస్తుందని తెలిసీ అమ్మింది. ఆమెకు వ్యాపారంలో ఒకటే సూత్రం. సరుకు నెత్తిన పెట్టుకుని మనం వాళ్ళ గడపకు పోతే ధర వాళ్ళది. సంచి పట్టుకుని వాళ్ళు మన గడపకు వస్తే ధర మనది. మైక్‌సెట్టు ఎప్పుడూ నెత్తిన మోసే సరుకే. స్టూడియో అయితే గడప దగ్గరికి వచ్చే బేరం. నష్టానికి అమ్మిన చింతపండు ఆ లెక్కలో పెట్టుబడి.

మరునాడు శ్రవణ్ కుమార్ వచ్చాడు. దసరా నవరాత్రులకు అలంపూరు అమ్మవారి మీద పాటల సీడీ తేవాలని గద్వాలలో వామన్‌రావు సారు భజన మండలి అనుకుంటోంది. పాటలు రాసింది శ్రవణ్ కుమారే. బండి దిగకుండా హారను కొట్టాడు. ఇస్రాయేలు బయటికి పోయి, "లోపలికి రాండ్రి సార్, చూద్దురు," అన్నాడు. శ్రవణ్ కుమార్ గుమ్మం దాకా వచ్చి, ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగాడు.

"ఈడికెళ్ళే కనవడ్తుంది గద. మస్తుంది ఇస్రాయేలూ."

ఇస్రాయేలు అతనికంటే పదేళ్ళు పెద్ద. అయినా పిలుపు అలాగే ఉంటుంది. ఎట్లుంటుందో వింటానని అతను అనగానే ఇస్రాయేలు హెడ్‌ఫోను వైరు గుమ్మం దాకా లాగి చేతికిచ్చాడు. ముజమ్మిల్ లోపల కీబోర్డు మీద అతని పాటలో ఒక చరణం వాయించాడు. మెట్టు మీద నిలబడ్డ శ్రవణ్ కుమార్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కళ్ళలో తడి.

"నా పాట గిట్లుంటదా?" అన్నాడు. తర్వాత హెడ్‌ఫోను తీసిచ్చి, "గురువారం పొద్దున వస్తం. సారు, సౌందర్య మేడం, కోరస్ ఆడోళ్ళు. గమ్మున ఉండాలె మరి. మీ గేరిల లొల్లి ఎక్కువ," అన్నాడు.

"లొల్లి సంగతి నేను చూసుకుంట సారూ," అంది పుష్పమ్మ.

అతను లోపలికి ఎందుకు రాలేదో ఆ పూట ఆమె లెక్కలోకి తీసుకోలేదు. తొందరలో ఉన్నాడనుకుంది.

*

గద్వాలలో పుష్పమ్మ వాళ్ళ మాదిగ గేరి అంటే గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వాడ. ఒక ఇంట్లో మూత పడితే నాలుగిళ్ళ వాళ్ళు ఉలిక్కిపడతారు. పుష్పమ్మ బుధవారమంతా ఇంటింటికీ తిరిగింది. అప్పు వసూలుకు పోయినట్టు కాదు, బేరానికి పోయినట్టు పోయింది. ఎవరికి ఏది నష్టమో ముందే అనుకుని, దానికి తగ్గ మాట చెప్పింది. పిండిగిర్ని మద్దిలేటితో, "నీ గిర్ని రేపు మధ్యాన్నంకెళ్ళి తిప్పు. మా ఆయన స్టూడియో నడిస్తే నీ బిడ్డ పెండ్లి పాటలు ఉట్టిగ చేయిస్త," అంది. మేకలవాళ్ళను తెల్లారగానే తోలుకుపొమ్మంది. నల్లా దగ్గర బిందెల వరస మధ్యాహ్నానికి మార్చింది. పాలబండి వాడు గేరి మొదట్లోనే ఇంజను ఆపి తోసుకొస్తానన్నాడు.

చివరికి తిమ్మమ్మ మిగిలింది. పక్కింటి ముసలామె. దగ్గు మొదలైతే ఆగదు.

"నా నోరంటే మూసుకుంట గని, దగ్గును ఎట్ల మూయాలె పిల్లా?"

"పొద్దుగాల చర్చి అరుగు మీద కూసో అవ్వా. నీకు చాయ్ ఆడికే పంపిస్త."

"రెండు పంపు. ఒకటి నాకు, ఒకటి నా దగ్గుకు."

గురువారం పొద్దున ఉన్నంత గమ్మున గేరి ఎప్పుడూ లేదు. గిర్ని ఆగింది. తల్లులు పిల్లలను చంకనేసుకుని కాలువ దిక్కు పోయారు. మిగిలినవాళ్ళు గిన్నెలు నేల మీద గుడ్డ పరిచి పెట్టుకున్నారు. ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడాలంటే దగ్గరికి పోయి చెవిలో చెప్పారు. దేవమ్మ కోడి కూసిందని దాన్ని గంప కింద పెట్టి, గంప మీద బొంత కప్పింది. పుష్పమ్మ ఆ నిశ్శబ్దంలో గుమ్మంలో నిలబడింది. చర్చి నుంచి అడిగి తెచ్చిన కుర్చీలు తుడిచి వేసింది. కొత్త బిందెలో నీళ్ళు, కొత్త గ్లాసులు. ఇస్రాయేలు గదిలో ఫ్యాను ఆపేసి చెమటలో కూర్చుని, మైకు ఎత్తు సరిచేసి, మళ్ళీ సరిచేశాడు.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. మండలి వాళ్ళు రాలేదు.

ఎప్పటికో ట్రాలీ ఆటో చప్పుడు. వెనక ఖాళీ. ముందు డ్రైవరు పక్కన శ్రవణ్ కుమార్ ఒక్కడే.

"ఇస్రాయేలూ, జర ప్రోగ్రాం మారింది. మిక్సర్ ఆటోల ఎక్కియ్యి. సారు ఫంక్షన్ హాల్ల రికార్డింగు."

ఇస్రాయేలు "సరే సార్" అన్నాడు. అలవాటుగా చెయ్యి వెనక వైర్ల మీదికి పోయింది. ఒక జాక్ ఊడిన టక్కుమన్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో గేరి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"ఆగు," అంది పుష్పమ్మ. శ్రవణ్ కుమార్‌కు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎందుకు మారింది సారూ?"

"ఈడ సందు ఇరుకు గదమ్మా. సారు కారు తిరగదు."

"మొన్న ఓట్లప్పుడు జీపులు తిరిగినయి. డప్పులతోని సహా."

శ్రవణ్ కుమార్ చేతి గడియారం చూసుకున్నాడు. "నాతోని ఏముంది? అమ్మవారి పాటలు. ఆడోళ్ళు మడితోని పాడ్తరు. ఇంట్ల పెద్దోళ్ళు ఒప్పుకోలే."

"మడి. మంచిది. మరి మిక్సర్ గూడ ఈ ఇంట్ల ఉన్నదే గద. నేనే పొద్దున ఊడ్సి, నా చేతులతోనే దుమ్ము దులిపిన. దానికి మడి లేదా?"

"దానిదేముందమ్మా, మిషను. ఓ తడిగుడ్డతోని తుడుస్తే అయిపాయె."

ఆ మాట అతను కోపంగా అనలేదు. బుజ్జగిస్తున్నట్టే అన్నాడు. తిట్టయితే పుష్పమ్మ తిట్టుతో తూచేది. ఇస్రాయేలు చేతిలో ఊడిన వైరు అలాగే ఉంది. కీబోర్డు ముందు ముజమ్మిల్ తల వంచుకున్నాడు.

"ఆటో తీస్కపో సారూ," అంది చివరికి. "నేను పెద్దసారుతోని మాట్లాడ్త. రేపు రా."

ఆటో పోయింది. ఆ చప్పుడు విని పని అయిపోయిందనుకున్నారో ఏమో, గేరి ఒక్కసారిగా నోరు తెరిచింది. బిందెలు, పిల్లలు, మేకలు, గిర్ని. దేవమ్మ కోడి గంపలోంచి బయటపడి పగబట్టినట్టు అరిచింది. తిమ్మమ్మ కర్ర ఊతతో వచ్చి గుమ్మంలో కూలబడి తృప్తిగా దగ్గింది.

"అయిపాయెనా పాట? మంచిగ పాడిన్రా?"

పుష్పమ్మ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది.

"ఏం బందోబస్తు జేసిండు పిల్లా మీ ఆయన! చెవులు నిక్కబొడ్సుకోని కూసున్న. బయటికి ఒక్క ముక్క రాలె."

పుష్పమ్మ లోపలికి పోయి కొత్త గ్లాసులు ఒక్కొక్కటి ఎత్తి పెట్టెలో పెట్టేసింది.

*

ఆ సాయంత్రం వామన్‌రావు తన ఇంటి ముందు క్రోటన్ మొక్కలకు పైపుతో నీళ్ళు పడుతున్నాడు. బడిపంతులుగా రిటైరయ్యాడు. ఫంక్షన్ హాలు ఆయనదే. భజన మండలికి పెద్ద. పుష్పమ్మ గేటు లోపల, కారు నీడలో నిలబడింది. అరుగు మీద కుర్చీలున్నాయి. కూర్చోమని ఆయన అనలేదు, అంటాడని ఆమె అనుకోలేదు.

"ఏమ్మా, ఇస్రాయేలు మంచిగున్నడా?"

"ఉన్నడు సారూ. పొద్దున మీ కోసం..." అని మొదలుపెట్టింది. దారి పొడుగునా గొంతులో పెట్టుకుని వచ్చిన మాటలు ఆ గేటు దాటాక చిన్నవైపోయాయి. కుర్చీలు తెచ్చిన సంగతి చెప్పింది. గేరి సంగతి చెప్పలేదు. చెబితే ఈయన ముందు గేరిని పరిచి అమ్మినట్టుంటుందనిపించింది.

"నాకేం పట్టింపు లేదమ్మా. నేను అంబేద్కర్ జయంతికి ఉపన్యాసం ఇస్త. గని ఆడోళ్ళ మనసు కష్టపెట్టలేం గద."

అప్పుడే ఆయన కోడలు సౌందర్య తలుపులోకి వచ్చింది. పాడేది ఆమే. "గది నిండ గొంగళ్ళు కట్టిండ్రంట గద? అందుల పాడితే ఎట్లుంటదో చూద్దామనుకున్న," అంది పుష్పమ్మతో.

"మిక్సర్ హాల్లకు వస్తది. ఆడ చూద్దువు గని," అన్నాడు మామగారు. ఆమె లోపలికి పోయింది.

పుష్పమ్మ ఆమె పోయిన తలుపు వైపు చూసింది. ఆడోళ్ళ మనసంటే ఇదేనా అని అడగాలనుకుంది.

వామన్‌రావు పైపు మడిచి నీళ్ళు ఆపాడు. "నువ్వు వ్యాపారం తెల్సిన మనిషివి, నీతోనే చెప్పాలె. ఆ మిక్సర్ మీ ఇంట్ల ఉంటే ఎవరొస్తరు? మా హాల్ల పక్కరూము ఖాళీగుంది. ఆడ పెట్టున్రి. పెండ్లిళ్ళు, భజనలు, ఎలక్షన్ పాటలు, అన్నీ ఆడనే. కరెంటు మాది, కిరాయి లేదు. ఇస్రాయేలుకు నెలనెలా జీతం ఇస్త. రూముకు ఎనుకనుంచి తలుపు గూడ ఉంది. ఎవరికీ ఇబ్బంది ఉండది."

ఇంటికి నడుస్తూ పుష్పమ్మ లెక్క వేసుకుంది. తక్కెడలో ఒక తట్టలో కోపం పెట్టింది. ఇంకో తట్టలో ఏడాది పొడుగు పని, ఊరికే వచ్చే కరెంటు, మళ్ళీ చింతపండుకు ఖాళీ అయ్యే గది, నెల తిరిగితే వచ్చే జీతం పెట్టింది. కోపం తూకానికి వచ్చే సరుకు కాదు. ఇవాళ మంచి ధర పలికినట్టుంటుంది, రేపటికి కుళ్ళిపోతుంది. కోట గోడ దాటేసరికి ముల్లు జీతం వైపు వాలింది. వెనక తలుపు అన్న మాట ఒక్కటి ఏ తట్టలో వేయాలో ఆమెకు తెలియలేదు. దాన్ని చేతిలోనే పట్టుకుని ఇంటికి వచ్చింది.

ఇస్రాయేలు మిక్సర్‌లో ఒక మీట ఊడదీసి, పళ్ళబ్రష్షుతో దాని గాడిలో మట్టి తీస్తున్నాడు. ఆ మీట జరిపినప్పుడల్లా గరగరమంటోంది. పుష్పమ్మ నేల మీద కూర్చుని బేరమంతా చెప్పింది. సరుకు అమ్మేటప్పుడు ఎలా చెబుతుందో అలా, మంచిదాన్ని ముందు పెట్టి చెప్పింది. వెనక తలుపు సంగతి చివర్న, వేగంగా చెప్పింది.

అతను బ్రష్షు ఆపలేదు.

"ఇంటున్నవా?"

"ఇంటున్న."

"మరి?"

"మిక్సర్ గావాల్నంటే అమ్ముత. కొనుక్కొమ్మను. నేను పోను."

పుష్పమ్మ అతని ముఖం చూసింది. సరే సార్ అన్న నోరే అది. "కోపానికి నాకు వస్తది మాట. నీకెప్పుడొచ్చింది? పొద్దున వైరు పీకింది నువ్వే గద?"

"చెయ్యి పీకింది. దానికి అదే అలవాటు." మీటను గాడిలో పెట్టి పైకీ కిందికీ జరిపాడు. చప్పుడు లేదు. "ఎన్నేండ్లాయె నేను మైకు వెట్టవట్టి? గుడైనా, పెండ్లైనా ఒక్కటే. మైకు లోపల ఉంటది, నేను బయట చెట్టు కింద ఉంట. లోపల ఎట్ల ఇనవడ్తదో నాకు ఎన్నడు తెల్వదు. ఎవరో వచ్చి పెంచు అంటే పెంచిన, తగ్గియ్యి అంటే తగ్గిచ్చిన. నువ్వు గడప బేరమనుకోని ఈ గది ఇచ్చినవు. నేను అది అనుకోలే. పాడేటోళ్ళు ఉన్న ఇంట్ల నేను గూడ లోపల కూసుండాల్నని కొన్న దీన్ని. ఎనుక తలుపుకెళ్ళి పోయి కూసుంటే, మళ్ళ చెట్టు కిందనే గద పుష్పా?"

ఇంతసేపూ పుష్పమ్మ తూచింది మిక్సర్‌ను, గదిని, జీతాన్ని. ఈ మనిషి కొన్నదేమిటో అడగకుండానే ధర కట్టింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇంత తప్పు తూకం ఆమె వేయలేదు.

*

శ్రవణ్ కుమార్ పొద్దున్నే ఆటోతో వచ్చాడు. ఈసారి ఇద్దరు హమాలీలు కూడా ఉన్నారు.

ఇస్రాయేలు గుమ్మంలోకి వచ్చి, ఎప్పటి మెత్తటి గొంతుతోనే అన్నాడు. "రాదు సార్."

"ఏంది రాదు?"

"మిక్సర్ రాదు. నేను రాను. పాడేది ఉంటే ఈడికే రాండ్రి."

శ్రవణ్ కుమార్ నవ్వబోయి, ఆగి పుష్పమ్మ వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? నిన్న సారుతోని మాట్లాడుకోని వచ్చినవంట గద?"

"నేను మాట్లాడిన బేరం తప్పు సారూ. సరుకు నాది కాదు."

"ఇగో, ఎచ్చులు పోకుండ్రి. మేం కర్నూలు పోతం. ఆడ స్టూడియోలు లేవా?"

"ఉన్నయి. పోండ్రి," అన్నాడు ఇస్రాయేలు.

హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ట్రాలీ ఎక్కి కూర్చున్నారు. శ్రవణ్ కుమార్ ఎక్కలేదు. గుమ్మంలోంచి లోపలికి, గొంగళ్ళ చీకటిలో వరసగా మెరుస్తున్న గుండీల వైపు చూశాడు. మొన్న కళ్ళు తడిసినప్పటి ముఖం మళ్ళీ వచ్చింది. గొంతు తగ్గించాడు.

"ఇస్రాయేలూ, మండలి సంగతి ఇడ్సు. నా పాట ఒక్కటి, నేనే పాడుకుంట. ఆదివారం మీరు చర్చికి పోయినంక, గేరిల ఎవ్వరు లేనప్పుడు వస్త. ఎవ్వరికీ చెప్పకు."

ఇస్రాయేలు భార్య వైపు చూశాడు. జవాబు ఆమెదే అన్నట్టు పక్కకు జరిగాడు.

"దొంగలెక్క వచ్చేటోనికి మా ఇంటికి తలుపు లేదు సారూ," అంది పుష్పమ్మ. "పట్టపగలు రా. నల్లా కాడ నలుగురు ఆడోళ్ళు ఉన్నప్పుడు రా. వాళ్ళు 'ఎవరింటికి నాయినా' అంటే 'ఇస్రాయేలు అన్న ఇంటికి' అని చెప్పి రా. కుర్చీ ఏస్త, నీళ్ళిస్త. తాగినంక పాడు."

శ్రవణ్ కుమార్ మెడ ఎర్రబడింది. ఏదో అనబోయి ఆటో ఎక్కాడు. నల్లా దగ్గర బిందెల వరస పక్కకు జరిగి దారి ఇచ్చింది.

సీడీ పోయింది. దసరా బేరం పోయింది. వామన్‌రావు మాట ఊళ్ళో నడిచే మాట. ఇంకో మండలి ఈ గుమ్మం దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో పుష్పమ్మ లెక్క కట్టలేకపోయింది. వెనక్కి తిరిగితే ఇస్రాయేలు అప్పటికే లోపల ఉన్నాడు. మీట బాగుచేసేందుకు ఊడదీసిన వైర్లన్నీ మళ్ళీ ఒక్కొక్కటే బిగిస్తున్నాడు.

"ఇటు రా. మైకు ముందు నిలవడు," అన్నాడు. "వైర్లు మళ్ళ పెట్టిన. ఏదన్న మాట్లాడితే చూస్త."

"నేనేం మాట్లాడ్త?"

"నీకు మాటలకు కరువా? ఏదో ఒకటి."

పుష్పమ్మ తలుపు దగ్గరికి వేసింది. గేరి చప్పుడు ఆగిపోయింది. నల్లటి ఉన్ని నడుమ మైకు ముందు నిలబడితే తన ఊపిరి తనకే వినిపించింది. ఆ కారు నీడ, తడిసిన క్రోటన్ ఆకులు కళ్ళ ముందుకు వచ్చాయి.

"సారూ," అంది. నిన్న ఆ గేటు లోపల అన్నట్టే అంది.

ఇస్రాయేలు హెడ్‌ఫోను సరిచేసుకుని, వినపడలేదని తల ఊపాడు.

"సారూ! మీ పాట కోసం మా గేరంతా నోరు మూసుకున్నది. ముసల్ది దగ్గు మింగుకోని అరుగు మీద కూసున్నది. పసిపిల్లల్ని ఎండల కాలువ కాడికి తీస్కపోయిన్రు. గిర్ని ఆగింది. కోడిని గూడ కూయనియ్యలే. అడుగు సారూ, ఎవరిని అడుగుతవో అడుగు, గద్వాలల ఇంకే వాడ అట్ల ఊకుంటదో! మీకు మా నోర్లు మూసుడు గావాలె గని మా గడప..."

మిక్సర్ మీద ఎర్ర దీపం వెలిగింది. పుష్పమ్మ గమనించి టక్కున ఆగింది.

"గట్టిగైందా? తగ్గియ్యాల్నా?"

ఇస్రాయేలు పై వరసలో ఒక గుండీని కొంచెం ఎడమకు తిప్పాడు.

"నువ్వు తగ్గకు," అన్నాడు. "నేనిక్కడ చూసుకుంట. నువ్వు జెప్పు."